బేస్‌బాల్ 'బ్రేకింగ్ బాల్'ని తెలుగులో ఏమందాం?

డాలస్ నుంచి ఒక ప్రశ్న: మా వీధి తెలుగు పిల్లలు హైస్కూల్ జట్టులో బేస్‌బాల్ ఆడుతున్నారు. ఇండియా నుంచి వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు మ్యాచ్‌కి వచ్చి ఏమీ అర్థంకాక కూర్చుంటున్నారు. వాళ్ల కోసం నాలుగు పేజీలు తెలుగులో రాస్తున్నా. ఫాస్ట్‌బాల్ దాకా బాగానే నడిచింది. కర్వ్‌బాల్, స్లైడర్ లాంటివాటిని కలిపి ఇక్కడ 'బ్రేకింగ్ బాల్' అంటారు. 'విరిగే బంతి' అని రాస్తే మా నాన్నగారు "ముక్కలైపోతుందా?" అని అడిగారు.

గుంటూరు మాస్టారు: సరిగ్గానే అడిగారు. మనకి పాలు విరుగుతాయి, కొమ్మ విరుగుతుంది. ఆ ఆటలో విరిగేది కూడా చెక్క బ్యాటే కదా! 'వంపు బంతి' అని రాయండి.

స్పోర్ట్స్ డెస్క్ మిత్రుడు: వంపు అంటే కర్వ్‌బాల్ ఒక్కదానికే సరిపోతుంది మాస్టారూ. కర్వ్‌బాల్ పై నుంచి ముందుకు దొర్లినట్టు తిరుగుతూ వస్తుంది కాబట్టి గాలి దాన్ని కిందికి నొక్కుతుంది. షేన్ వార్న్ బంతి గాల్లోనే డిప్ అయ్యేది చూడండి, సూత్రం అదే. కాకపోతే క్రికెట్‌లో నేలను తాకాక ఇంకో మలుపు ఉంటుంది, ఇక్కడ అంతా గాల్లోనే జరిగిపోవాలి. స్లైడర్ అలా కాదు. ఫాస్ట్‌బాల్ లాగే బయల్దేరి చివర్లో పక్కకి జారుతుంది.

ఇక టైమ్ సంగతి. బంతి విసిరే పిచర్‌కీ, బ్యాటర్ దగ్గరుండే ప్లేట్‌కీ మధ్య 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 95 మైళ్ల బంతి ఆ దూరాన్ని దాదాపు 0.4 సెకనులో దాటేస్తుంది. అంటే బంతి ఏమిటో పూర్తిగా తెలియకముందే బ్యాట్ కదలాలి. అందుకే మలుపు కన్నా మోసమే ముఖ్యం అంటాను. స్పిన్నర్ వికెట్ తీస్తే మా పేజీల్లో 'బోల్తా కొట్టించాడు' అని రాస్తాం. 'బోల్తా కొట్టించే బంతి' అనండి, తాతయ్యలకి ఇట్టే అర్థమవుతుంది.

డాలస్: బాగుందండీ! మరి బ్యాటర్ వైపు మాట? కోచ్ 'స్టే బ్యాక్' అని అరుస్తుంటాడు. 'వెనక ఉండు' అని రాస్తే పిల్లాడు రెండడుగులు వెనక్కి వేస్తాడేమోనని టెన్షన్.

డెస్క్ మిత్రుడు: 'ఆగి కొట్టు' చాలు. ముందు కాలు వేసినా బరువు వెనక కాలి మీద ఉంచుకోవాలి, చేతులు భుజం దగ్గరే ఆగాలి. నెమ్మదిగా వచ్చే బంతికి చేతులు ముందే వెళ్లిపోతే, కొట్టడానికి ఇంకేం మిగలదు.

గుంటూరు మాస్టారు: ఆగి కొట్టడం సరే, అసలు కొట్టకుండా ఉండటం మాటేమిటి? మన క్రికెట్‌లో 'వదిలేశాడు' అంటే మెచ్చుకోలే కదా.

డెస్క్ మిత్రుడు: అసలు కష్టం అక్కడే ఉంది మాస్టారూ. 2023 వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ ఫైనల్ చూడండి. మయామిలో జపాన్, అమెరికా. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు ఔట్, జపాన్‌ది 3-2 ఆధిక్యం. బంతి షోహెయ్ ఒహ్తాని చేతిలో, బ్యాట్ మైక్ ట్రౌట్ చేతిలో. అప్పట్లో అమెరికా లీగ్‌లో ఇద్దరూ ఏంజెల్స్ జట్టువాళ్లే. దాదాపు 100 మైళ్ల ఫాస్ట్‌బాల్స్ వరుసగా వేశాక కౌంట్ 3-2 అయింది, అంటే మూడు బాల్స్ (బ్యాటర్ వదిలేసిన చెడ్డ బంతులు), రెండు స్ట్రైకులు; మూడో స్ట్రైక్ పడితే ఔట్. అప్పుడు 87 మైళ్ల స్వీపర్ వేశాడు, అంటే బాగా పక్కకి జారే స్లైడర్. మధ్యలోకి వస్తున్నట్టే వచ్చి బయటి అంచుకి జారుకుంది. ట్రౌట్ ఊపాడు, తగల్లేదు, మ్యాచ్ అయిపోయింది. వదిలేయాల్సింది అని సోఫాలో కూర్చుని ఎవరైనా అంటారు. రెండు స్ట్రైకులు పడ్డాక వదిలితే, అది స్ట్రైక్ అయితే? 

డాలస్: 'ఆగి కొట్టు', 'వదిలేయ్' రెండూ రాసేస్తున్నా. చివరిగా ఒకటి: సరిగ్గా పడకుండా పైనే ఉండిపోయిన కర్వ్‌ని 'హ్యాంగింగ్' అంటారు. దానికేమనాలి?

డెస్క్ మిత్రుడు: 'కిందికి పడని కర్వ్' అని రాయండి. బ్యాటర్‌కి అది అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టే. మంచి హిట్టర్లు మంచి కర్వ్‌ల జోలికి పోకుండా దీని కోసమే కాచుకుని కూర్చుంటారు.

గుంటూరు మాస్టారు: నా 'వంపు బంతి'ని కర్వ్‌బాల్‌కైనా ఉంచండి నాయనా.

డాలస్: ఉంచానండీ మాస్టారూ. స్లైడర్ మాత్రం స్లైడర్‌గానే ఉంటుంది.