పాత రోజర్స్ మడత చాకు: అసలుదేనా, విలువ ఎలా కట్టాలి?

విజయనగరం వాసి:
మడత చాకు ఒకటుంది. మూస్తే 9 సెంటీమీటర్లు, రెండు అలుగులు. పెద్ద అలుగు మొదట్లో నక్షత్రం, శిలువ లాంటి గుర్తు, కింద ఇంగ్లీషులో రోజర్స్, షెఫీల్డ్ అని ఉంది. తెల్ల పిడి పసుపు తిరిగింది. మడత దగ్గర తుప్పు, అలుగు మీద నల్ల మచ్చలు. ఎప్పటిది? ఎంత అడగొచ్చు? ముందు పాలిష్ పట్టించమంటారా?

చీపురుపల్లి వాసి:
పాలిష్ మాత్రం వద్దండీ. ముద్ర అరిగిపోతే ఇక చూపించడానికి ఏమీ మిగలదు.

నక్షత్రం, మాల్టా శిలువ ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో చాకులు చేసిన జోసెఫ్ రోజర్స్ కంపెనీ గుర్తు. దానికి నకళ్ళు చాలా వచ్చాయి. అసలుదాని ఇంగ్లీషు స్పెల్లింగులో 'జి'కి ముందు 'డి' ఉంటుంది, భూతద్దం పెట్టి చూడండి. కిరీటంతో వి.ఆర్. అక్షరాలుంటే విక్టోరియా రాణి కాలం, అంటే 1837–1901. జి.ఆర్. ఉంటే తేదీ తేలదు, జార్జి పేరున్న రాజులు చాలామంది. స్టెయిన్‌లెస్ అని ఉంటే మాత్రం విక్టోరియా కాలంది కానే కాదు. షెఫీల్డ్‌లో ఆ ఉక్కు 1913లో వచ్చింది.

శ్రీకాకుళం నుంచి:
ధర కంటే ముందు పిడి సంగతి తేల్చుకోండి బాబూ. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో పిడి చివర, కోసిన ముఖం మీద చూడాలి. గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ వలలా కనిపిస్తే ఏనుగు దంతం. సన్నటి నల్ల చుక్కలు, చిన్న గాట్లు ఉంటే ఎముక. బొటనవేలితో గట్టిగా రుద్దితే కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్, అంటే పాతకాలపు ప్లాస్టిక్. కాల్చిన సూది గుచ్చే పరీక్ష చెయ్యకండి, సెల్యులాయిడ్ భగ్గున మండుతుంది. అది పాతబడితే ఆమ్లపు ఆవిరి వదిలి పక్కనున్న చాకుల్ని కూడా తుప్పు పట్టిస్తుంది, విడిగా ఉంచాలి.

దంతమైతే అమ్మకం కుదరదు, వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. జింక కొమ్ము పిడికీ అదే ఇబ్బంది. ఇంకో మాట, చాకు నూరేళ్ళు దాటినదని తేలితే పురావస్తువుల చట్టం, 1972 కిందకి వస్తుంది. విదేశానికి పంపకూడదు.

చీపురుపల్లి వాసి:
విలువ తగ్గించేది ముఖ్యంగా సాన. చాలాసార్లు నూరిన అలుగు సన్నబడి, మొదట్లో నూరని చోట మెట్టులా మిగులుతుంది. తెరిచి పక్కలకి ఊపితే కదలకూడదు, మూస్తే టక్కున పడాలి. రెండు అలుగుల ముద్రలు కలవకపోయినా, రివిట్లు కొత్తగా మెరుస్తున్నా ఎవరో విప్పారన్నమాట.

మడతలో ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున్న పదిసార్లు తెరిచి మూసి, వచ్చిన నల్ల మడ్డిని గుడ్డతో తుడవండి. మడ్డి రావడం ఆగేదాకా ఇదే పని. ఎర్ర తుప్పుని నూనె రాసి వెదురు పుల్లతో గీకాలి. నల్ల మచ్చ జోలికి వెళ్ళొద్దు, ఉప్పుకాగితం అసలొద్దు. బుడితి ఇత్తడి చెంబుకి పట్టించినట్టు చింతపండు పట్టిస్తే ఉక్కు గుంటలు పడుతుంది. తోలు సంచిలోనూ పెట్టకండి, మన సముద్రపు గాలికి అది తేమ పీల్చి పట్టుకుంటుంది.

ధరకి జనం అడుగుతున్న రేటు చూడకండి. ఇలాంటివే, ఇదే స్థితిలో అమ్ముడైన రేట్లు చూడండి.

విజయనగరం వాసి:
'డి' ఉందండీ. పిడి చివర చుక్కలే, వల లేదు. అలుగు మొదట్లో చిన్న మెట్టు ఉంది.

శ్రీకాకుళం నుంచి:
అయితే ఎముకే, అమ్ముకోవచ్చు. మెట్టు పక్కన స్కేలు పెట్టి, పగటి వెలుగులో ఫొటో తీసి పెట్టండి. ఎంత అరిగిందో చూసి చెప్తాం.