బాకు పిడిలో కెంపు ఊడింది, ఏ గమ్ వేసినా నిలవట్లేదు

అడిగినవారు: అన్నలూ అక్కలూ కాస్త చూడండి, పొద్దున్నుంచి దీంతోనే కూర్చున్నా. మా తాతగారి కటారి పిడిలో ఎర్రరాయి ఒకటి ఊడొచ్చింది, సూపర్ గ్లూ వేస్తే నిలవట్లేదు, పైగా ఇదివరకు మెరిసే రాయి ఇప్పుడు లోపల నల్లగా కనబడుతోంది. ఏ గమ్ వాడాలి?

పాతబస్తీ: గమ్ ఆపు. పిడి దేనిది?

ఉక్కు అభిమాని: పిడి సంగతి తర్వాత తమ్ముడూ, ముందు బ్లేడు చూడు, నీటి అలల్లాంటి గీతలున్నాయా? ఉంటే అది మూస ఉక్కు, మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో కరిగించి తీసేవాళ్లు, పర్షియాలోని ఇస్ఫహాన్ వర్తకులు ఇక్కడిదాకా వచ్చి కొనుక్కుపోయేవాళ్లు, అందరూ రాళ్లే చూస్తారు ఆ కమ్మరి పని ఎవరికీ పట్టదు. దానిమీద చింతపండు రుద్దొద్దు ప్లీజ్, పల్చగా నూనె రాయి.

అడిగినవారు: తుప్పులో గీతలేం తెలీట్లేదండి. పిడి లేత ఆకుపచ్చ రాయి, చివర గుర్రం తల.

మ్యూజియం పిచ్చి: జేడ్ పిడి, గుర్రం తల అంటే అది కటారి కాదు, ఖంజర్, అంటే వంపు బాకు. కటార్‌కి రెండు అడ్డకడ్డీలుంటాయి, గుప్పిట్లో పట్టుకుని పొడిచేది.

పాతబస్తీ: ఇంట్లో కటారే అంటారు. వదిలెయ్.

మ్యూజియం పిచ్చి: పనివాడికి సరిగ్గా చెప్పాలి కదండీ. సాలార్‌జంగ్‌లో నూర్జహాన్ బాకు ఉంది, ఒకసారి చూసి రమ్మనండి.

కుందనం ఇంటివాడు: బాబూ అది కుందనపు పని. జేడ్‌లో గాడి తొలిచి అడుగున లక్క, దానిమీద తళుకు రేకు, ఆపైన రాయి పెట్టి, చుట్టూ మేలిమి బంగారు రేకుని మంట తగలకుండా ఇనుప మొనతో నొక్కి కూరుతారు. మేలిమి కాబట్టే పొర మీద పొర నొక్కితే అతుక్కుంటుంది, రాగి కలిసిన బంగారం అలా అతకదు. టంకం ఉండదు, కొక్కేలుండవు. నీకు నల్లగా కనబడేది ఆ రేకు పాడై. స్పిరిట్‌తో గానీ తుడిచావా?

అడిగినవారు: శానిటైజర్‌తో తుడిచా, దానికీ దీనికీ ఏంటి సంబంధం?

కుందనం ఇంటివాడు: లక్క స్పిరిట్‌లో కరుగుతుంది నాయనా!

అడిగినవారు: అయ్యో. మరి గమ్ తీయడానికి అసిటోన్?

కుందనం ఇంటివాడు: వద్దు, పక్క రాళ్ల కిందకీ దిగుతుంది. నీళ్లూ తగలనీకు, ఎండలో పెట్టకు. రాయి, రాలిన బంగారం పొడితో సహా కాగితంలో పొట్లం కట్టి కుందనం చేసేవాళ్లకే ఇవ్వు, మామూలు నగల షాపులో ఇస్తే మంట పెడతారు, లక్కంతా పోతుంది.

అడిగినవారు: సరే పొట్లం కట్టా. థాంక్సండి.

ఉక్కు అభిమాని: తమ్ముడూ ఆ బ్లేడు ఫోటో పెట్టవా, పక్కనుంచి వెలుతురు పడేలా?