నాన్నకి ఏ కర్ణాటక సంగీతం సీడీలు కొనాలి?

ప్రశ్న: నాన్నకి 74. విజయవాడ రేడియోలో భక్తిరంజని వింటూ పెరిగిన మనిషి. ఫోన్‌లో వినరు, సీడీ ప్లేయరే కావాలి. కిందటిసారి నేను తెచ్చిన ‘సూపర్ హిట్స్’ సీడీలో ఆలాపనలన్నీ (కీర్తనకి ముందు మాటల్లేకుండా రాగాన్ని విస్తరించే భాగం) కోసేశారు. రెండు నిమిషాలు విని, "వేలితో నాకించి భోజనం అయిపోయిందంటాడేవిట్రా" అని కట్టేశారు. బడ్జెట్ 2,000. ఏవి కొనమంటారు?

జవాబు: కలగూరగంప సీడీల జోలికి పోకండి. కచేరీ రికార్డింగులే కొనండి. అట్ట వెనక నిమిషాలు చూడండి. తోడి, కల్యాణి లాంటి తీరిగ్గా పాడే పెద్ద రాగం పది నిమిషాల్లో ముగిసిందంటే అక్కడే పెట్టేసి రండి. గాయకులు ఓలేటి వెంకటేశ్వర్లుగారి కచేరీ కనిపిస్తే మాత్రం బేరమాడకండి!

జవాబు: ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ కూడా చూడండి. ఆయన రోజుల్లో 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డుకి ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లరే పట్టేది. అందుకే ఆనాటివి పొట్టిగా ఉంటాయి, కోత కాదు. గరగర ఉంటుందని నాన్నగారికి ముందే చెప్పండి.

ప్రశ్న అడిగినవారు: ఓలేటిగారిది దొరకలేదండీ. షేక్ చినమౌలానాగారి నాదస్వరం దొరికింది. కాఫీ చల్లారిపోయినా నాన్న కుర్చీలోంచి లేవలేదు. ప్లేయర్ మూతే సరిగ్గా పడట్లేదు, రబ్బరు బ్యాండు వేశాం.