పిల్లల దుడుకుతనానికి కారణం ఫోనా, మనమా?

కొర్లగుంట అమ్మ:
మా పాపకు నాలుగేళ్లు. నిన్న బొమ్మను ఒళ్లో పడుకోబెట్టి, "ఎన్నిసార్లు చెప్పాలే నీకు? తింటావా, నాలుగు తగిలించాలా?" అంటూ దాని వీపు మీద కొట్టింది. ఫోన్ వీడియోలు చూసే ఇలా తయారైందని మా అత్తమ్మ అంటుంది. కానీ ఆ మాటలు నావి. ఆ గొంతూ నాదే. రాత్రి నిద్ర పట్టలేదు. ముందు మారాల్సింది మనమే అంటాను. మీరేమంటారు?

రేణిగుంట నాన్న:
అక్కా, అంతా మీ మీదే వేసుకోకండి. మా ఇంట్లో ఎవరూ గొంతు పెంచరు. అయినా మావాడు యూకేజీలో పక్క పిల్లల్ని గిల్లుతాడు, బూతులు కూడా అంటాడు. రోజూ వాడి ముందే పుస్తకం చదువుతాను, అది మాత్రం ముట్టడు. చూసిందే చేస్తారనుకుంటే ఇదెందుకు నేర్చుకోడు?

రిటైర్డ్ టీచర్, తిరుచానూరు:
నేర్చుకోవడం వేరు, చేయడం వేరు నాయనా. 1961లో అమెరికాలో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 72 మంది పిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. ఒక పెద్ద మనిషి గాలిబొమ్మను సుత్తితో కొట్టడం, తన్నడం చూసిన పిల్లలు తర్వాత అలాగే చేశారు. 1963లో అదే సినిమాగా చూపించినా చేశారు. కాబట్టి కొర్లగుంట అమ్మా, మీ అత్తమ్మ మాట కూడా కొట్టిపారేయలేం.

అసలు విషయం 1965లో తేలింది. కొట్టిన మనిషికి శిక్ష పడటం చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. కానీ చేసి చూపిస్తే బహుమతి ఇస్తామనగానే, వాళ్లూ మిగతావాళ్లతో సమానంగా చేసి చూపించారు. అంటే అందరూ నేర్చుకున్నారు, కొందరు బయటపెట్టలేదంతే.

మా మనవరాలు అలిపిరి మెట్ల మీద వాళ్ల అవ్వ వెనకాలే వంగి, ప్రతి మెట్టుకూ కుంకుమ పెట్టింది. పెట్టమని ఎవరూ చెప్పలేదు. దారిన పోయేవాళ్లు ఆగి, తల నిమిరి మెచ్చుకున్నారు. దాంతో ఇంకో వంద మెట్లకు పెట్టింది. మీవాడు గిల్లినప్పుడు, బూతు అన్నప్పుడు చుట్టుపక్కల వాళ్లు ఏం చేస్తున్నారో చూశారా?

రేణిగుంట నాన్న:
చూశాను సార్. పుత్తూరులో మా అత్తగారింట్లో వాడు తొలిసారి బూతు మాట అన్నాడు. అందరూ నవ్వారు. "ఇంకోసారి అనరా" అని వీడియో తీశారు. నేనూ నవ్వాను. ఆదివారం మళ్లీ అక్కడికే వెళ్తున్నాం. వాణ్ణి లోపలికి తీసుకెళ్లక ముందే మామయ్యతో మాట్లాడతాను.