ఇంటర్న్‌షిప్ ముగిశాక మళ్లీ ఇంటర్వ్యూ ఉంటుందా?

ప్రశ్న: పెద్ద టెక్ సంస్థలో ఇంటర్న్‌షిప్ సగానికి వచ్చింది. ఉద్యోగం ఇచ్చేందుకు మళ్లీ ఇంటర్వ్యూ చేస్తారా, లేక చేసిన పనినే చూస్తారా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: సంస్థను బట్టి ఉంటుందండీ. చాలాచోట్ల మేనేజర్, మెంటర్ రాసే మదింపే కీలకం కనుక, కోడ్ రివ్యూలో (మీ కోడ్‌ను సహోద్యోగులు పరిశీలించడం) వచ్చిన వ్యాఖ్యలను మీరు ఎలా స్వీకరించారో, రాసిన కోడ్‌కు టెస్టులు జోడించారో లేదో కూడా అందులోకి ఎక్కుతాయి. లోపాలేమిటో ఇప్పుడే అడగండి. చివరి వారంలో తెలిస్తే దిద్దుకునే వ్యవధి ఉండదు.

జవాబు 2: బయటి నుంచి అమెజాన్ ఉద్యోగాలకు వెళ్లేవారికి ఆ సంస్థ 16 నాయకత్వ సూత్రాలపై ప్రశ్నలు తప్పవు. నియమించుకునే బృందానికి చెందని ‘బార్ రైజర్’ (అభ్యర్థి స్థాయిని తటస్థంగా అంచనా వేసే ఇంటర్వ్యూయర్) కూడా సాధారణంగా ఉంటారు. కోడింగ్ ఒక్కటే సాధన చేసినవారు ఇక్కడే తడబడతారు.

జవాబు 3: ఇంటర్వ్యూ ఎక్కడైనా సరే, కోడ్ మొదలుపెట్టే ముందు ఇన్‌పుట్ పరిమితులు (ఎంత పెద్ద, ఎలాంటి డేటా వస్తుందో) అడిగి, మీ ఆలోచనను పైకి చెబుతూ రాయండి.