సమస్య: "కోర్డొబను కోర్డొబ యడిగెఁ గోర్డొబందు"

సంచాలకుడు: ఇది తేటగీతి పద్యానికి ఆఖరి పాదం; ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. ఊరు, మనిషి, డబ్బు – మూడింటికీ చెల్లే స్పానిష్ పేరిది. ఎవరు ఎవరిని ఏ ఊళ్లో అడిగారో మీరే తేల్చండి.

పద్యాల పంతులు:
కడలి దాటి వచ్చినయట్టి ఘనుఁడు తాను
రెండు పురములు నిలిపిన మొండివాడు
కూలి డబ్బులు చాలవు గుప్పెడనుచు
కోర్డొబను కోర్డొబ యడిగెఁ గోర్డొబందు.

సంచాలకుడు: రెండో పాదంలో ప్రాసయతి (రెండు–మొండి) ముచ్చటగా ఉంది. విషయమే కుదరలేదు పంతులుగారూ. 1524లో మధ్య అమెరికాలోని నికరాగువాలో గ్రనాదా, లియోన్ పట్టణాలు నిలిపిన ఫ్రాన్సిస్కో ఎర్నాందెజ్ దె కోర్డొబ గురించేగా? 1526లో పైఅధికారి పెద్రారియాస్ ఆయన తల తీయించాడు. ఆయన పేరిట నికరాగువా డబ్బు వచ్చింది 1912లో. తల పోయిన 386 ఏళ్లకు పుట్టిన నోటును ఎలా అడుగుతాడు? పైగా ఆఖరి పాదంలో తప్ప కోర్డొబ ఊరు పద్యంలో ఎక్కడా లేదు. (1517లో మెక్సికోలోని యుకటాన్ తీరానికి వెళ్లిన అదే పేరువాడు వేరు. ఇద్దరినీ కలపకండి.)

హూస్టన్ అల్లుడు:
బ్యాంకు కిటికీని తట్టిన పాంథుఁడొకఁడు
ఇంటిపేరు కోర్డొబ; యూరి కిదియె పేరు;
నికరగువ పోవుటకు నోట్లు నేఁడె యనుచు
కోర్డొబను కోర్డొబ యడిగెఁ గోర్డొబందు.
(ఊరు అర్జెంటీనాది, 1573లో కట్టినది.)

సంచాలకుడు: భేష్! అక్కడ చెల్లేది పెసో. అడిగాడన్నారే గాని ఇచ్చారనలేదు, తెలివైనవారే. నికరాగువాను నికరగువ చేశారు, గణాల కోసం ఒప్పుకుంటాను.

పద్యాల పంతులు: స్పానిష్‌లో అది 'డ' కాదు, 'ద'. కోర్దొబ అనాలి.

సంచాలకుడు: నిజమే. గణం మారదు గనుక మనకు అలవాటైన డకారమే ఉంచాను.

కాకినాడ కాజా:
పేరు కలిసిన పడుచుకై ప్రియము తోడ
ఆలివుల తోట నీడలో హాయిగాను
మనువు చేయుఁడు మాకంచు మామ యెదుట
కోర్డొబను కోర్డొబ యడిగెఁ గోర్డొబందు.
స్పెయిన్ కోర్డొబ అండి. అక్కడ ఆలివ్ తోటలకు కరువా?

సంచాలకుడు: పిల్లనడగడమా! అసలు ఇదే ఊహించలేదు. మూడింటిలో దీనికే నా ఓటు. 'హాయిగాను' మాత్రం పాదం నింపడానికి వేసిన ఉత్త పూరకం.

పద్యాల పంతులు: ఇంటిపేరు ఒకటైతే సగోత్రం కాదూ?

కాకినాడ కాజా: అక్కడ గోత్రాల పట్టింపు లేదు మాస్టారూ. పెళ్లయినా అమ్మాయి ఇంటిపేరు మారదు. పిల్లలకు తండ్రిదొకటి, తల్లిదొకటి, రెండు ఇంటిపేర్లూ వస్తాయి. వీళ్ల బిడ్డ కోర్డొబ కోర్డొబ అవుతాడు, అంతే. పూరకం తీసేశాను, చూడండి:
ఆలివుల తోట నీడలో నత్త చూడ

హూస్టన్ అల్లుడు: అత్తగారు చూసిందా, నత్త చూసిందా?