యురేనియం అయస్కాంతాల మొండితనం: అయాన్‌దా, బంధాలదా?

లోహశాస్త్రి: యురేనియం, రోడియం, అల్యూమినియం 1:1:1గా కలిసిన ఫెర్రో అయస్కాంతంలో అయస్కాంత భ్రామకం సీ అక్షం వెంటే ఉంటుంది (స్ఫటికంలోని మూడు దిశలను ‘ఏ’, ‘బీ’, ‘సీ’ అక్షాలంటారు). అడ్డంగా 35 టెస్లా క్షేత్రం పెట్టినా దాదాపు కదలదు. ఈ అనైసోట్రోపీ (భ్రామకం ఒకే దిశకు మొండిగా అతుక్కోవడం) ఎక్కడిది? విడి యురేనియం అయాన్ మీద స్ఫటిక క్షేత్రం (చుట్టూ ఉన్న పరమాణువుల విద్యుత్ క్షేత్రం) ప్రభావమా, అయస్కాంతత్వాన్నిచ్చే 5ఎఫ్ ఎలక్ట్రాన్లు పక్క పరమాణువుల ఎలక్ట్రాన్లతో కలవడమా?

ఎఫ్‌కక్ష్య: అయానే సర్. యురేనియంలో స్పిన్-ఆర్బిట్ బంధం (ఎలక్ట్రాన్ స్పిన్‌కూ దాని కక్ష్యా చలనానికీ ఉన్న లంకె) చాలా బలమైనది. కక్ష్య భ్రామకం స్పిన్ భ్రామకం కంటే పెద్దది, దానికి వ్యతిరేక దిశలో ఉంటుంది. కక్ష్య ఆకారం స్ఫటికానికి అతుక్కుంటే భ్రామకమూ అతుక్కుంటుంది. ఇంకో కారణం ఎందుకు?

బంధవాది: ఎందుకంటే దిశను ఎంచుకునేది బంధాలు. మీరు చెప్పిన పదార్థంలో దగ్గరి యురేనియం పొరుగులు అడ్డ తలంలో ఉన్నాయి, భ్రామకం దానికి లంబంగా నిలిచింది. 125 కెల్విన్ దగ్గర ఫెర్రో అయ్యే యూజీఏ2 (యురేనియం-గాలియం) చూడండి. అక్కడ దగ్గరి పొరుగు సీ అక్షం మీద ఉంది, భ్రామకం అడ్డ తలంలోకి పడుకుంది. ప్రాగ్‌లో భౌతిక శాస్త్రవేత్తలు సెచోవ్‌స్కీ, హవేలా గట్టిగా చెప్పింది ఇదే. యురేనియం సల్ఫైడ్ అయితే ఘనాకార స్ఫటికం. అక్కడ విడి అయాన్ ప్రభావంలో రెండో తరగతి పదం (దిశపై ఆధారపడే మొదటి పదం) సున్నా. అయినా అనైసోట్రోపీ భయంకరంగా ఉంది!

ఎఫ్‌కక్ష్య: సున్నా అయ్యేది రెండో తరగతే, నాలుగోది కాదు. టెర్బియం-ఇనుము (1:2) కూడా ఘనాకారమే, అదీ మొండిదే, అందులోవి స్థానిక (తమ పరమాణువును వదలని) 4ఎఫ్ ఎలక్ట్రాన్లు. సరే, భ్రామకం దగ్గరి బంధాలకు లంబంగా ఉంటుందన్న మీ సూత్రానికే వద్దాం. యూజీఈ2 (యురేనియం-జర్మేనియం) లో యురేనియం పరమాణువుల వంకర గొలుసు ‘ఏ’ అక్షం వెంట నడుస్తుంది. భ్రామకమూ ‘ఏ’ వెంటే! లంబం ఎక్కడ?

బంధవాది: అక్కడ పొరుగు దూరం 3.85 ఆంగ్‌స్ట్రాంలు. హిల్ హద్దు (5ఎఫ్ ఎలక్ట్రాన్లు నేరుగా కలవడానికి యురేనియం పరమాణువుల మధ్య ఉండగల గరిష్ఠ దూరం) సుమారు 3.5. దూరం పెరిగితే నేరుగా కలవడం తగ్గిపోతుంది కదా.

లోహశాస్త్రి: ఆగండి. యూజీఏ2లో దూరం ఇంకా ఎక్కువ, దాదాపు 4. అక్కడ సూత్రం పనిచేసిందని మీరే చెప్పారు. నచ్చినచోట హద్దు గీస్తే ఎలా అండీ?

బంధవాది: న్యాయమైన దెబ్బే. గాలియం ద్వారా కలవడం కూడా లెక్కలోకి రావాలి. కానీ యురేనియం-రోడియం-జర్మేనియం (1:1:1) సంగతి? దూరం 3.5, గొలుసు ‘ఏ’ వెంట, భ్రామకం సీ వెంట. బీ దిశలో 12 టెస్లా దగ్గర భ్రామకం బీ వైపు తిరుగుతుంది, పోయిన అతివాహకత్వం తిరిగొస్తుంది (2005లో బయటపడింది). ‘ఏ’ అక్షం వైపు మాత్రం తిరగదు.

ఎఫ్‌కక్ష్య: ఆ గొలుసు వంకర ‘ఏ’-‘సీ’ తలంలోనే ఉంది. అంటే బంధాలన్నిటికీ కచ్చితంగా లంబమైనది బీ అక్షం. క్షేత్రం లేనప్పుడు భ్రామకం సీ వెంట ఎందుకుందో మీ బంధాలతో చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటాను.